షుగర్ డౌన్ అవుతుందన్న భయంతోనే బతుకుతున్నాం, మీ ఇళ్ళల్లో ఎలా ఉంది?

బైరాగిపట్టెడ_వదిన:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మా ఆయనకి యాభై దాటాయి, షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది. మొదట మాత్రలే వాడేవారు, అవి చాలక ఇన్సులిన్ పెట్టారు. ఇప్పుడు పొద్దున, రాత్రి రెండు పూటలా 30/70 సూది, దానికి తోడు గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర. రేణిగుంట వైపు ఒక గోడౌన్‌లో లెక్కలు చూస్తారు, రోజూ బండి మీదే పోయి వస్తారు.

పోయినేడాది ఒక సాయంత్రం కరకంబాడి రోడ్డులో వస్తుండగా షుగర్ పడిపోయింది. ఆ రోజు లోడు దిగుతోందని మధ్యాహ్నం అన్నం తినలేదంట. బండి పక్కకి తీసి ఆపారు, అంతవరకే ఆయనకి గుర్తుంది. ఎవరో తాగి ఉన్నాడనుకుని బండి తాళం లాక్కున్నారు, ఇంకొకాయన ఫోన్ తీసి వీడియో తియ్యబోయాడు. పక్కన టీ అంగడాయన మాత్రం చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయి ఉండడం, చేతులు వణకడం చూసి, వాళ్ళ నాయనకీ ఇట్లే అవుతుందంట, గ్లాసెడు నీళ్ళలో నాలుగు చెంచాల చక్కెర కలిపి తాగించాడు. కాసేపటికి మామూలు మనిషయ్యారు. దెబ్బ లేదు, ఆస్పత్రి లేదు, పోలీసులు లేరు. పైకి చూస్తే ఏమీ జరగనట్టే.

కానీ అప్పటి నుంచి ఈయన వేరే మనిషి. పడుకునే ముందు 180 ఉన్నా సరే, రాత్రికి పడిపోతుందేమోనని నాలుగు బిస్కెట్లు, పైన ఒక అరటిపండు. సూది పదహారు యూనిట్లు వెయ్యమంటే పన్నెండే లాగుతారు, నేను చూడట్లేదనుకుంటారు. మూడు నెలల సగటు షుగర్ చూపే టెస్టు (HbA1c) 7.2 ఉండేది, 8.9కి పోయింది. డాక్టరు దగ్గరికి పోతే తీపి తింటున్నావా అని తిట్లు. ఈయన తల వంచుకుని వింటారు గానీ భయం సంగతి నోరు తెరిచి చెప్పరు. చెబితే బండి నడపొద్దంటారని, గోడౌన్‌లో తెలిస్తే పని పోతుందని. పెళ్ళిళ్ళకి రారు, భోజనాలు ఎప్పుడు పెడతారో తెలియదు కదా. ఏటా అలిపిరి మెట్ల మీద నడిచి కొండకి పోయే మనిషి, ఈసారి బస్సులో కూడా వద్దన్నారు, క్యూలో ఎన్ని గంటలు కూర్చోబెడతారో అని.

నా సంగతి చెప్పాలంటే, రాత్రి రెండింటికో మూడింటికో లేచి చీకట్లోనే ఆయన మెడ వెనక చెయ్యి పెట్టి చూస్తా. పొడిగా ఉంటే పడుకుంటా, చెమట తగిలితే లైటు వేస్తా. మే నెలలో మన తిరుపతిలో కరెంటు పోతే ఎవరి మెడైనా తడిగానే ఉంటుంది కదా, అప్పుడు పాపం ఉత్తపుణ్యానికి లేపి వేలు పొడిచి చూస్తా, 160 ఉంటుంది, ఇద్దరి నిద్రా పాడై గొడవ మొదలవుతుంది.

ఇప్పుడు నిజంగా షుగర్ పడిపోయి ‘లో’ అయ్యేది ఎప్పుడో ఒకసారి. భయం మాత్రం రోజూ ఉంది. ఇది మా ఇంట్లోనేనా, అందరికీ ఇంతేనా? ఇందులోంచి బయటపడిన వాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

చిత్తూరు_బెల్లం:

అక్కా, నా ఐడీ చూసి నవ్వకండి, మా నాయన బెల్లం మండీలో పని చేసేవాడు. నాది టైప్ 1, స్కూల్లో ఉన్నప్పటి నుంచి ఇన్సులినే.

మీ ఒక్క ఇంట్లోనే కాదు, ఇది ఇంటింటి కథే. మనం డాక్టరు దగ్గర పరగడుపున ఎంత, తిన్నాక ఎంత అని నంబర్లు చెప్తాం, ఆయన నంబర్లే చూస్తారు. లో అయితే ఏముందిలే చక్కెర తింటే సరిపోతుంది అంటారు బయటివాళ్ళు. నిజమే, పది పదిహేను నిమిషాల్లో షుగర్ ఎక్కుతుంది. మనిషి అంత తొందరగా ఎక్కడు. లో తర్వాత రోజంతా తలనొప్పి, నీరసం, చేసే పని మీద ధ్యాస ఉండదు. మిషన్‌లో నంబరు మామూలుకి వచ్చినా మెదడు పూర్తిగా దారిలో పడడానికి ఇంకాసేపు పడుతుంది, అందుకే లో అయ్యాక కనీసం ముప్పావుగంట బండి ముట్టుకోవద్దంటారు. మీ ఆయన ఆ సాయంత్రం చక్కెర నీళ్ళు తాగి వెంటనే బండెక్కి వచ్చి ఉంటారని నా అనుమానం.

ఇంకోటి, లో అయినప్పుడు వచ్చే కోపం. మెదడు నడిచేదే చక్కెర మీద, అది అందకపోతే ముందు బుద్ధే దెబ్బతింటుంది. ఆ టైంలో నేను నా భార్యని అన్న మాటలు నాకు గుర్తుండవు, ఆమెకి గుర్తుంటాయి. షుగర్ చూసుకో అంటే చాలు, నాకేం కాలేదు పో అని అరుస్తానంట. ఇప్పుడు మేమొక ఒప్పందం చేసుకున్నాం. ఆమె అడగదు, వాదించదు, గ్లాసు తెచ్చి చేతిలో పెడుతుంది, నేను మారుమాట లేకుండా తాగాలి. అవసరం లేకుండా తాగితే ఓ ముప్పై నలభై పాయింట్లు పెరుగుతుంది, కొంప మునగదు. మీరు కూడా మామూలుగా ఉన్నప్పుడే కూర్చుని మాట్లాడుకోండి, లో అయినప్పుడు నచ్చజెప్పడం ఎవరివల్లా కాదు.

ఏం తాగాలి అంటే, 70 కంటే తక్కువ చూపిస్తే పదిహేను గ్రాముల గ్లూకోజ్, అంటే పొడి అయితే మూడు చెంచాలు నీళ్ళలో. పదిహేను నిమిషాలాగి మళ్ళీ చెక్ చెయ్యాలి, ఇంకా 70 దాటకపోతే మళ్ళీ అంతే. మామూలు కూల్ డ్రింక్ అయితే చిన్న గ్లాసు, నూటయాభై ఎంఎల్ చాలు. డైట్ అని రాసి ఉన్నది పనికిరాదు, అందులో చక్కెరే ఉండదు. చాక్లెట్ వద్దు, అందులో కొవ్వు వల్ల చక్కెర మెల్లిగా ఎక్కుతుంది. లడ్డూ కూడా అదే లెక్క అక్కా, అంత నెయ్యి పోసింది లోకి మందెలా అవుతుంది, దండం పెట్టుకుని పక్కన పెట్టుకోండి. కష్టమైన పని ఆ పదిహేను నిమిషాలు ఆగడమే. ప్రాణం పోతోందన్నట్టు ఉంటుంది కాబట్టి చేతికి దొరికిందల్లా తినేస్తాం, గంటకి 300 అవుతుంది, దాన్ని దించడానికి ఇంకో సూది, మళ్ళీ లో. ఈ ఎక్కిదిగడంతోనే సగం జీవితం పోతుంది.

పలమనేరు_రైతు:

ఇదంతా ఇన్సులిన్ వల్లే అమ్మా. మా ఊళ్ళో ఒకాయన సూది మానేసి పొద్దున్నే కాకరకాయ రసం, రాత్రికి రాగి సంగటి, ఇంతే. శుభ్రంగా ఉన్నాడు. ఒకసారి ట్రై చెయ్యండి, పోయేదేముంది.

రిటైర్డ్_సిస్టర్:

పోయేదేముందా? పెద్దాయనా, మీ మంచి మనసు అర్థమైంది గానీ ఇన్సులిన్ అవసరమైన మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఏమవుతుందో మెడికల్ వార్డులో పనిచేసినన్నాళ్ళూ చూశాను, ఐసీయూలో తేలతారు. పైగా కాకర రసం కూడా కొంత షుగర్ తగ్గించొచ్చు, సూదికి తోడు దాన్ని కూడా పోస్తే మళ్ళీ లోయే. సంగటి తినండి, నేనూ తింటా, ఊరుబిండి వేసుకుని. అది మందు మాత్రం కాదు.

వదినగారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. భయం మనసులోంచి పోవాలంటే ముందు లో అవ్వడానికి కారణాలు ఏవో పట్టుకోవాలి, ధైర్యంగా ఉండు అంటే ఎవరికీ ధైర్యం రాదు.

ఆ రోజు కరకంబాడి రోడ్డులో ఏం జరిగిందో మీరు రాసిందాన్ని బట్టే తెలుస్తోంది. 30/70 అంటే అందులో ముప్పై వంతులు తొందరగా పనిచేసే ఇన్సులిన్, డెబ్బై వంతులు నిదానంగా పనిచేసేది. పొద్దున వేసుకున్న సూదిలో ఆ నిదానం భాగం సరిగ్గా మధ్యాహ్నానికి జోరందుకుంటుంది. అంటే మధ్యాహ్నం అన్నానికి కూడా సూది పొద్దునే పడిపోయినట్టు. ఇక అన్నం మానెయ్యడానికి వీల్లేదు. రాత్రి ఎనిమిదింటికి వేసుకున్నదీ అంతే, అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము దాకా దాని బలం ఉంటుంది, మీరు రెండింటికి లేవడం ఊరికే కాదు. రాత్రి లోలు ఎక్కువైతే చాలామందికి డాక్టర్లు రోజంతా సమంగా పనిచేసే గ్లార్జిన్, డెగ్లుడెక్ లాంటి ఇన్సులిన్లు పెడతారు. ఖర్చు కొంచెం ఎక్కువ, కానీ అడగండి. 30/70 మొదలుపెట్టాక గ్లిమిపిరైడ్ కూడా అవసరమా అన్నది తప్పకుండా అడగండి, ఎందుకంటే తిన్నా తినకపోయినా ఒంట్లోంచి ఇన్సులిన్‌ని బయటికి నెట్టే మాత్ర అది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర ఒక్కటే అయితే లో అవ్వడం అరుదు.

ఆ మాత్ర పేరు కింద చిన్న అక్షరాల్లో వోగ్లిబోస్ అని ఉందేమో చూడండి. మన దగ్గర మూడు మందులు కలిపిన మాత్రలు చాలామంది వాడతారు. వోగ్లిబోస్ ఉంటే వంటింటి చక్కెర తొందరగా పనిచెయ్యదు, పేగుల్లో దాన్ని విడగొట్టే పనినే ఆ మందు ఆపుతుంది. అలాంటివాళ్ళు జేబులో గ్లూకోజ్ పొడే పెట్టుకోవాలి, చక్కెర పొట్లం కాదు. బీపీకి, గుండెకి మెటోప్రొలాల్, ప్రొప్రనొలాల్ లాంటివి వాడుతుంటే గుండె దడ, వణుకు సరిగా తెలియవు. చెమట మాత్రం తెలుస్తుంది, కాబట్టి మీరు మెడ తడిమి చూడడం మంచి పనే, మే నెల సంగతి వదిలెయ్యండి.

ఇప్పుడు పొట్ట చూడండి. ఆయన్ని పడుకోబెట్టి, బొడ్డు చుట్టూ వేళ్ళతో మెల్లిగా నొక్కుతూ పోండి. ఎక్కడైనా గట్టిగా, రబ్బరులా, లేదా మెత్తగా ఉబ్బినట్టు తగిలితే అక్కడే ఏళ్ళ తరబడి సూది వేస్తున్నారని అర్థం. అక్కడ నొప్పి తెలియదు కాబట్టి అందరూ అక్కడే వేస్తారు. ఆ గడ్డలోంచి మందు ఒకరోజు సరిగా దిగదు, ఇంకోరోజు గబుక్కున దిగుతుంది. డోసు అదే, తిండి అదే, అయినా షుగర్ ఒకరోజు 250, ఒకరోజు 60. మనిషికి అయోమయం, డాక్టరుకి అనుమానం. గడ్డలుంటే చోటు మార్చాలి, కానీ ఒక్క మాట, మంచి చోట వేసినప్పుడు మందు పూర్తిగా దిగి లో అవ్వొచ్చు, డోసు తగ్గించాలా అని అడిగే మార్చండి.

సిరంజీ కూడా చూడండి. మన దగ్గర ఎంఎల్‌కి 40 యూనిట్లుండే సీసాలూ ఉన్నాయి, 100 యూనిట్లుండే సీసాలూ ఉన్నాయి. ఎర్ర మూత సిరంజీ 40 వాటికి, నారింజ మూతది 100 వాటికి. 100 మందుని 40 సిరంజీతో లాగితే గీత పది చూపిస్తుంది, ఒంట్లోకి పోయేది పాతిక.

చివరగా కిడ్నీ. క్రియాటినిన్ పరీక్ష ఎప్పుడు చేయించారు? కిడ్నీ నెమ్మదిస్తే ఇన్సులిన్ ఒంట్లోంచి తొందరగా పోదు, పాత డోసే ఎక్కువైపోతుంది. షుగర్ తనంతట తనే తగ్గుతోంది అని సంతోషించేవాళ్ళని చూశాను, లోపల సంగతి అది.

స్పృహ తప్పితే నోట్లో ఏదీ పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్. షుగర్‌ని పైకి లేపే గ్లూకగాన్ ఇంజెక్షన్ ఇంట్లో పెట్టుకోవచ్చా అని కూడా డాక్టర్ని అడగండి.

బైరాగిపట్టెడ_వదిన:

సిస్టర్‌గారూ, మీ కాళ్ళకి దండం. రాత్రే చూశాను, బొడ్డుకి ఎడమ పక్క నిమ్మకాయంత మెత్తటి ఉబ్బు ఉంది. ఇన్నాళ్ళూ అది పొట్ట కొవ్వనుకున్నాం. మాత్రలో వోగ్లిబోస్ ఉంది. సిరంజీ సరైనదే. ఒక డౌటు, ఈయనకి ఈ మధ్య 100, 110 ఉన్నా వణుకు వస్తోందంటారు. నాటకమా అనిపిస్తుంది ఒక్కోసారి, తప్పుగా అనుకోకండి.

చిత్తూరు_బెల్లం:

నాటకం కాదక్కా. నెలల తరబడి షుగర్ 250, 300లో ఉంటే ఒళ్ళు దానికే అలవాటు పడుతుంది, 110కి దిగినా పడిపోతున్నట్టే గంట కొడుతుంది. భయంతో షుగర్ పైన పెట్టుకున్న కొద్దీ ఆ గంట ఇంకా పైనే మోగుతుంది. మెల్లమెల్లగా దించుకుంటే కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. 110లో వణుకొస్తే చక్కెర తాగక్కర్లేదు, మిషన్‌లో నంబరు చూసుకుని కాసేపు కూర్చుంటే చాలు.

దీనికి తలకిందులుగా నాకు జరిగింది. మాటిమాటికీ లో అయ్యీ అయ్యీ చెమట, దడ రెండూ రావడం మానేశాయి. 50 ఉన్నా నవ్వుతూ మాట్లాడేవాణ్ణి, ఉన్నట్టుండి కూలబడేవాణ్ణి. అది ఇంకా ప్రమాదం. మా డాక్టరు కొన్ని వారాలు టార్గెట్ కొంచెం పైకి పెట్టి, ఒక్క లో కూడా రాకుండా చూడమన్నారు, గుర్తులు మళ్ళీ తెలియడం మొదలైంది. కాబట్టి 8.9 చూసి భయపడి ఒకేసారి 6.5కి దించేద్దామనుకోకండి. 2008లో అమెరికాలో అకార్డ్ అనే పెద్ద ట్రయల్‌లో మూడు నెలల టెస్టుని 6 కంటే కిందికి దించాలని గట్టిగా మందులిచ్చిన గుంపులో మరణాలు ఎక్కువగా కనిపించి ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. తీవ్రమైన లోలు కూడా ఆ గుంపులోనే ఎక్కువ. లోల వల్లే చనిపోయారని తేలలేదు గానీ, అందరికీ ఒకటే టార్గెట్ అన్న మాటని మాత్రం అప్పటి నుంచి డాక్టర్లు జాగ్రత్తగా వాడుతున్నారు.

వీలైతే ఒక్కసారి, రెండు వారాలకి చేతికి అతికించే సెన్సర్ వేయించండి. వేలల్లో ఖర్చు, ప్రతి నెలా మనవల్ల కాదు. కానీ పద్నాలుగు రాత్రులు గ్రాఫు కళ్ళారా చూస్తే ఏ టైంలో దిగుతోంది, అసలు దిగుతోందా లేదా తెలిసిపోతుంది, పడిపోతే ఫోన్ మోగే రకమైతే మీరూ పడుకోవచ్చు. కుదరకపోతే ఓ నాలుగైదు రాత్రులు మూడింటికి స్ట్రిప్‌తో చూసి కాగితం మీద రాసుకుని డాక్టరు ముందు పెట్టండి. ఆయన్ని మాట్లాడమనొద్దు, కాగితమే మాట్లాడుతుంది. భయం వల్లే బిస్కెట్లు తింటున్నారని, డోసు తగ్గించుకుంటున్నారని మీరే చెప్పండి, తిడితే తిట్టనీ.

బైరాగిపట్టెడ_వదిన:

అప్‌డేట్ పెడుతున్నా. కాగితం తీసుకుని పోయాం. డాక్టరు తిట్టలేదు, ఇది ముందే ఎందుకు చెప్పలేదన్నారు అంతే. గ్లిమిపిరైడ్ ఉన్న మాత్ర తీసేశారు, రాత్రి సూది మార్చారు, గడ్డ లేని చోట డోసు తగ్గించి వెయ్యమన్నారు, కిడ్నీ పరీక్ష రాశారు. క్రియాటినిన్ కొంచెం ఎక్కువే వచ్చింది, దాని గురించి వేరే పెద్ద డాక్టర్ని కలవమన్నారు, అదో కొత్త టెన్షన్. గోడౌన్‌లో పక్క సీటు అబ్బాయికి చెప్పారు, ఎవరూ ఏమీ అనలేదంట, గ్లూకోజ్ డబ్బా ఒకటి డ్రాయర్‌లో పెట్టుకున్నారు. బండి తీసే ముందు షుగర్ చూసుకుంటున్నారు, 90 కంటే తక్కువుంటే ఏదైనా తిని, పెరిగాకే బయల్దేరతారు. బిస్కెట్లు పూర్తిగా ఆగలేదు, నాలుగు కాస్తా రెండయ్యాయి. నేను కూడా ఇంకా లేస్తూనే ఉన్నా, రోజూ కాదు.

ఇప్పుడు మళ్ళీ కొండకి నడిచిపోదామంటున్నారు. పంపొచ్చా?

రిటైర్డ్_సిస్టర్:

డాక్టరు సరేనంటే నిక్షేపంగా పంపండి, మీరూ పొండి. కాకపోతే అలిపిరి దారంటే 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు అయితే 2,388, ఎక్కడానికి తక్కువ. కిడ్నీ డాక్టర్ని కలిశాకే పెట్టుకోండి. శనివారం ఒక్కపొద్దుతో మాత్రం ఎక్కొద్దు. ఆ రోజు పొద్దున సూది ఎంత వెయ్యాలో ముందే అడిగి రాసుకోండి. దారిలో ఆగినప్పుడల్లా చూసుకోవాలి, స్ట్రిప్పులు ఎండలో పెట్టొద్దు. గ్లూకోజ్ ఆయన సంచిలో ఒకటి, మీ సంచిలో ఒకటి. దర్శనం క్యూ కంపార్ట్‌మెంట్‌లోకి పోయే ముందు సూది వేసుకోవద్దు, తిండి చేతికొస్తుందని ఖాయమయ్యాకే.

ఇంకోటి చాలామందికి తెలియదు, ఎక్కేటప్పుడు కాదు, ఆ రాత్రి జాగ్రత్త. అంత నడిచాక కండరాలు చక్కెర లాగుతూనే ఉంటాయి, మర్నాటి దాకా ఎప్పుడైనా పడిపోవచ్చు. ఆ ఒక్క రాత్రి మూడింటికి అలారం పెట్టుకుని చూడండి.

బైరాగిపట్టెడ_వదిన:

అలారం ఎందుకు సిస్టర్, నేనున్నా కదా. కొండ సంగతి కిడ్నీ డాక్టర్ని కలిశాక చెప్తా.